ఒడిశా సరిహద్దు నుంచి థీమ్ పార్కుకు: సినిమా మోజును, పార్కు విలువను వేరు చేసి చూసే పద్ధతి

వేసవి సెలవులు దగ్గరపడగానే పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల తెలుగు ఇళ్లలో ఈ మధ్య ఒక కొత్త కోరిక వినిపిస్తోంది. ఒకప్పుడు పిల్లలు గోపాల్‌పూర్ సముద్రమో, పూరీ రథయాత్రో, విశాఖపట్నంలోని జంతు ప్రదర్శనశాలో చూపించమని అడిగేవారు. ఇప్పుడు తాము చూసిన సినిమాలోని కోట ఉన్న చోటికి, ఆ పాత్రలు తిరిగే వీధికి, మనిషిని తలకిందులుగా తిప్పే బండి ఉన్న పార్కుకు తీసుకువెళ్లమంటున్నారు. ఆ ఒక్క రోజు కోసం నెలల తరబడి పక్కన పెట్టిన సొమ్ము, రైలులో గడిపే రెండు రాత్రులు, పెద్దలు ఉద్యోగంలో బతిమాలి తెచ్చుకున్న సెలవు ఖర్చవుతాయి. అందువల్ల ఏ పార్కుకు, ఎప్పుడు, ఏ లెక్కన వెళ్లాలో ముందే ఆలోచించుకోవడం అవసరం. బడిపిల్లలను, బంధువుల పిల్లలను ఇటువంటి ప్రయాణాలకు తీసుకువెళ్లి నేర్చుకున్న సంగతులను ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

కోరిక ఏమిటో ముందు తేల్చుకోండి

పిల్లలను "ఎక్కడికి వెళ్దాం?" అని అడిగితే వాళ్లు టీవీలో ఎక్కువసార్లు చూసిన పేరే చెబుతారు. "అక్కడికి వెళ్లగానే మొదట ఏం చేస్తావు?" అని అడగండి. ఈ ప్రశ్నకు వచ్చే జవాబుల్లో మూడు వేర్వేరు కోరికలు బయటపడతాయి. సినిమాలోని చోటును కళ్లారా చూడాలన్నది ఒకటి, వేగంగా తిరిగే, ఎత్తు నుంచి జారే రైడ్లు ఎక్కాలన్నది రెండవది, నీళ్లలో ఆడుకోవాలన్నది మూడవది. మా అక్క కొడుకు ఏడాదిపాటు ఫిల్మ్ సిటీ, ఫిల్మ్ సిటీ అని అడిగాడు. అక్కడ మొదట ఏం చేస్తావని అడిగితే, అలలు వచ్చే కొలనులో మునుగుతానని చెప్పాడు. వాడికి కావలసింది మనకు నాలుగు గంటల దూరంలోనే ఉందని అప్పుడు తెలిసింది. ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే ఒక్కొక్కరిని విడిగా అడగాలి, లేకపోతే పెద్దవాడు చెప్పిన మాటనే చిన్నవాళ్లు అప్పజెబుతారు.

సినిమాకూ పార్కుకూ ఉన్న ముడి

థీమ్ పార్కు అంటే రైడ్లు ఉన్న తోట అనుకుంటే సగమే తెలిసినట్టు. ఒక కథను, ఒక కాలాన్ని, ఒక ఊహాలోకాన్ని ఆధారంగా చేసుకుని, ద్వారం దగ్గరి నుంచి దుకాణంలో అమ్మే టోపీ దాకా అన్నింటినీ ఆ లోకానికి తగినట్టు అమర్చిన స్థలాన్ని థీమ్ పార్కు అంటారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1955 జూలై 17న డిస్నీల్యాండ్ తెరుచుకున్నప్పటి నుంచి ఈ నమూనా ప్రపంచమంతటా పాకింది. ఈనాడు డిస్నీ సంస్థ నిర్వహణ లాభంలో సగానికి మించిన వాటా పార్కులు, హోటళ్లు, విహార నౌకలు, బొమ్మలు, దుస్తుల విభాగం నుంచే వస్తోంది. ఈ విభాగం మీద పదేళ్లలో సుమారు 6,000 కోట్ల డాలర్లు పెట్టబోతున్నట్టు ఆ సంస్థ 2023లో ప్రకటించింది. సినిమా పరిశ్రమలో ఒకే కథను భాగాల మీద భాగాలుగా తీసే ఫ్రాంచైజీలకు ఇంత గిరాకీ ఉండడానికి ఇది కూడా ఒక కారణం. థియేటర్‌లో కొన్ని వారాలు ఆడే సినిమా, పార్కులో కొన్ని దశాబ్దాలు సంపాదించగలదు.

అయితే సినిమా గెలిస్తే పార్కు గెలుస్తుందని, సినిమా ఓడితే పార్కు ఓడుతుందని అనుకోవడం పొరపాటు. 1995లో హాలీవుడ్‌లో వచ్చిన వాటర్‌వరల్డ్ అనే సినిమా, ఆ కాలానికి అత్యంత ఖరీదైన చిత్రాలలో ఒకటైనా, పెట్టిన ఖర్చుకు తగిన పేరు తెచ్చుకోలేదు. అదే ఏడాది యూనివర్సల్ స్టూడియోస్ ఆ సినిమా ఆధారంగా మొదలుపెట్టిన సాహస ప్రదర్శన మాత్రం దశాబ్దాల తరబడి నడుస్తూనే ఉంది. నీళ్లు, మంటలు, పడవలు, ఎత్తు నుంచి దూకే మనుషులు కళ్లెదుట ఉంటే, కథ బాగుందా లేదా అని ప్రేక్షకుడు అడగడు. దీనికి తిరగబడిన ఉదాహరణ కూడా ఉంది. పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్ 1967లో డిస్నీల్యాండ్‌లో పడవ మీద తిరిగే రైడ్‌గా పుట్టింది, దాని పేరుతో సినిమా 2003లో గానీ రాలేదు. ముప్పై ఆరేళ్లు జనం ఆ రైడ్ ఎక్కిన తరువాతే తెర మీద ఓడలు కదిలాయి.

ఇంకా గట్టిగా ఆలోచింపజేసేది అంతరిక్ష సాహసాల సినిమా పరంపర స్టార్ వార్స్ సంగతి. ఇంత పేరున్న పరంపర మరొకటి అరుదు. 2019లో కాలిఫోర్నియాలోనూ ఫ్లోరిడాలోనూ దాని పేరుతో పెద్ద విభాగాలు తెరిచినప్పుడు, దాన్ని 2015 నుంచి 2019 వరకు వచ్చిన కొత్త మూడు సినిమాల కాలానికే ముడిపెట్టారు. తరతరాలుగా జనం ప్రేమించిన పాత నాయకులకు, పాత విలన్‌కు అందులో చోటు దక్కలేదు. 2022లో ఫ్లోరిడాలో అంతరిక్ష నౌక మాదిరిగా కట్టిన అతి ఖరీదైన హోటల్‌ను ఏడాదిన్నరకే, 2023 సెప్టెంబరులో మూసివేశారు. పేరు ఎంత పెద్దదైనా, రెండు రాత్రుల బసకు సామాన్య కుటుంబం ఏడాదంతా కూడబెట్టినా చాలనంత ధర పెడితే జనం నిలవరు. మరోవైపు, మంత్రవిద్యల బడి కథ అయిన హ్యారీ పాటర్ ప్రధాన చిత్రాలు 2011తోనే ముగిశాయి. 2010లో ఫ్లోరిడాలో తెరిచిన ఆ లోకాన్ని 2014లో పెంచారు, 2025 మే 22న అక్కడే తెరుచుకున్న ఎపిక్ యూనివర్స్ అనే కొత్త పార్కులోనూ ఆ కథకు మరో విభాగం కట్టారు. అవతార్ విషయం కూడా అటువంటిదే. మొదటి సినిమా 2009లో, రెండవది 2022లో రాగా, మధ్యలో సినిమా ఏదీ లేని 2017లోనే, ఆ కథ జరిగే పాండోరా లోకం పేరుతో పార్కులో విభాగం తెరిచారు.

ఈ ఉదాహరణలను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. చోటు ఉన్న కథ పార్కు అవుతుంది, నాయకుడు మాత్రమే ఉన్న కథ పోస్టరు దగ్గరే ఆగిపోతుంది. బడి, వీధి, అడవి, కోట వంటి వాటిలో తానూ నడవాలనిపించే స్థలం కథలో ఉందా లేదా అన్నదే ముఖ్యం. మన ఒడిశాలో ఇది తెలియని సంగతి కాదు. బర్‌గఢ్‌లో ఏటా పదకొండు రోజులు జరిగే ధనుయాత్రలో ఊరంతా మథుర అవుతుంది, జీరా నది యమున అవుతుంది, నది అవతల ఉన్న అంబాపాలి గోపపురం అవుతుంది, ఏనుగు మీద ఊరేగే కంసుడు ఎదురుపడిన వారికి జరిమానా కూడా వేస్తాడు. చూడవచ్చినవారు కథలోని ప్రజలైపోతారు. పార్కు ఏదైనా దానికి నేను పెట్టే పరీక్ష ఇదే. లోపలికి వెళ్లాక మనం టికెట్ కొన్నవాళ్లంగానే మిగిలిపోతామా, ఆ లోకంలో మనకూ ఒక పాత్ర దొరుకుతుందా?

ఫ్రాంచైజీ బలాన్ని ఇంట్లోనే అంచనా వేయడం

పిల్లవాడు అడిగిన పార్కు ఏదైనా సినిమాతో ముడిపడినదైతే, ఆ సినిమా మోజు మీరు ప్రయాణించే నాటికి మిగిలి ఉంటుందా అని చూసుకోవాలి. దీనికి మొదటి వారాంతపు వసూళ్ల వార్తలు పనికిరావు. విడుదలైన మొదటి మూడు రోజులు అభిమానుల ఉత్సాహాన్ని చూపిస్తాయి, కథ మీద పిల్లలకున్న ప్రేమను చూపించవు. మార్వెల్ సూపర్‌హీరోల పరంపరలో 2019లో వచ్చిన ఎవెంజర్స్: ఎండ్‌గేమ్ ప్రపంచమంతటా దాదాపు 280 కోట్ల డాలర్లు వసూలు చేయగా, అదే పరంపరలో 2023లో వచ్చిన ది మార్వెల్స్ 21 కోట్ల డాలర్లు కూడా దాటలేదు. పరంపర ఒకటే అయినా నాలుగేళ్లలో ఇంత తేడా వచ్చింది. వరుసగా సినిమాలు, వాటికి తోడు ఓటీటీలో ధారావాహికలు వచ్చిపడడం, ఒకటి చూడనిదే మరొకటి అర్థం కాకపోవడం వల్ల జనం అలసిపోయారన్నది చాలామంది విశ్లేషకుల మాట, నాకూ అదే సరైనదనిపిస్తుంది.

మన తెలుగులో పరిస్థితి కొంత వేరు. రెండు భాగాలుగా విడుదలైన ప్రతి సినిమానూ ఫ్రాంచైజీ అని పిలవడం ఇప్పుడు అలవాటైపోయింది గాని, వాటిలో చాలావరకు ఒకే కథను మధ్యకు కోసినవి. 2015 జూలై 10న, 2017 ఏప్రిల్ 28న రెండు భాగాలుగా విడుదలైన బాహుబలిని నేను ఆ లెక్కలో కలపను. అందులో మాహిష్మతి అనే చోటు ఉంది. రెండు భాగాలను కలిపి 2025 అక్టోబరులో మళ్లీ విడుదల చేసినప్పుడు, మొదటి విడుదల నాటికి పుట్టని పిల్లలు కూడా థియేటర్లకు వెళ్లారు.

ఇంట్లో చేయదగిన పరీక్ష సులువైనది. సినిమా చూసిన నెల రోజుల తరువాత కూడా పిల్లలు దాన్ని ఆటగా ఆడుకుంటున్నారా అని గమనించండి. దుప్పటిని అంగవస్త్రంగా చుట్టుకోవడం, మంచాన్ని కోటగా మార్చుకోవడం, ఇంట్లో అందరికీ పాత్రలు పంచిపెట్టడం కొనసాగుతూ ఉంటే ఆ ప్రేమ ప్రయాణం దాకా నిలుస్తుంది. పాట మాత్రమే గుర్తుండి కథ మరిచిపోయి ఉంటే, సినిమా పార్కు కోసం ఖర్చు పెట్టవద్దు.

మన ప్రాంతం నుంచి ఏది అందుబాటులో ఉంది

నీళ్లు, రైడ్లు కోరుకునేవారికి దగ్గరిది భువనేశ్వర్ వైపే. వండర్‌లా సంస్థ కొచ్చి, బెంగళూరు, హైదరాబాదుల తరువాత తన నాలుగవ పార్కును 2024 మేలో ఖుర్దా జిల్లాలో, భువనేశ్వర్ నగరం వెలుపల తెరిచింది. ఇందులో సినిమా ఏదీ లేదు, ఉన్నది నీళ్లు, వేగం, ఎత్తు. బరంపురం నుంచి భువనేశ్వర్‌కు రైలులో సుమారు 165 కిలోమీటర్లు కాబట్టి తెల్లవారుజామున బయలుదేరి రాత్రికి ఇల్లు చేరవచ్చు. పర్లాకిమిడి వారు పలాసకు గాని బరంపురానికి గాని బస్సులో వచ్చి పెద్ద లైను రైలు పట్టుకోవడం మేలు. ఒడియా బడిలో చదివే మన పిల్లలు అక్కడి బోర్డులను తామే చదువుకుని పెద్దలకు దారి చూపించడం కూడా నేను చూశాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అని రెండు పడవల మీద ఉన్నామనుకునే ఆ పిల్లలకు అది గర్వపడే సందర్భం.

సినిమా చోటును చూడాలన్న పట్టుదల నిజమైనదైతే హైదరాబాదులోని రామోజీ ఫిల్మ్ సిటీకే వెళ్లాలి. రామోజీరావు 1996లో నెలకొల్పిన ఈ స్టూడియో 1,666 ఎకరాలలో విస్తరించి, ప్రపంచంలోనే అతిపెద్ద ఫిల్మ్ స్టూడియో సముదాయంగా గిన్నిస్ గుర్తింపు పొందింది. మాహిష్మతి సెట్టు ఇక్కడే ఉంది, దాన్ని సందర్శకులకు చూపిస్తారు. పైన చెప్పిన విదేశీ పార్కులకూ దీనికీ ముఖ్యమైన తేడా ఒకటుంది. అక్కడివి సందర్శకుల కోసమే కట్టిన లోకాలు, ఇది సినిమాలు తీయడానికి కట్టిన చోటు. ముందువైపు విమానాశ్రయంగా కనిపించే భవనం వెనక నుంచి మరొకటిగా ఉండవచ్చు, రాతిగోడ అనుకున్నది తట్టి చూస్తే ఫైబర్ కావచ్చు. ఈ సంగతిని పిల్లలకు ముందే చెప్పి తీసుకువెళ్తే వాళ్లు నిరాశపడరు, పైగా ఏది ఎలా కట్టారో కనిపెట్టడమే ఆటగా పెట్టుకుంటారు.

హైదరాబాదు వెళ్లడానికి రాయగడ వారికి సంబల్‌పూర్ నుంచి ఆ నగరం మీదుగా నాందేడ్ వెళ్లే నాగావళి ఎక్స్‌ప్రెస్ ఉంది, అయితే అది ప్రతిరోజూ నడవదు. బరంపురం మీదుగా కోణార్క్, విశాఖ, ఈస్ట్ కోస్ట్, ఫలక్‌నుమా వంటి రైళ్లు ఉన్నాయి. చర్లపల్లి టెర్మినల్‌ను 2025 జనవరిలో ప్రారంభించిన తరువాత కొన్ని రైళ్ల చివరి స్టేషన్లు మారాయి కాబట్టి టికెట్ మీద దిగవలసిన స్టేషన్ పేరును జాగ్రత్తగా చదవండి. ఫిల్మ్ సిటీ విజయవాడ రహదారి మీద, నగరానికి తూర్పున ఉంది. అందువల్ల సికింద్రాబాదు స్టేషన్ దగ్గర బస తీసుకుని పొద్దున్నే నగరాన్ని దాటడం కంటే ఎల్.బి. నగర్, హయత్‌నగర్ వైపు గది తీసుకోవడం తెలివైన పని. రైలు దిగిన రోజునే పార్కుకు వెళ్లాలన్న ఆలోచన మానుకోండి. రాత్రంతా ప్రయాణించిన పిల్లలు మధ్యాహ్నానికే వడలిపోతారు.

బయలుదేరే ముందు చేయవలసినవి

మొదటిది ఎత్తు కొలవడం. పార్కుల్లో పిల్లల టికెట్టును చాలాచోట్ల వయసును బట్టి కాక ఎత్తును బట్టే నిర్ణయిస్తారు, పెద్ద రైడ్లకు కనీస ఎత్తు తప్పనిసరి. గోడకు నిలబెట్టి, చెప్పులు లేకుండా కొలిచి, పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేయండి. పార్కు వెబ్‌సైట్‌లో ఏ రైడ్‌కు ఎంత ఎత్తు కావాలో చూసి, పిల్లవాడు ఎక్కగలిగిన వాటి జాబితాను వాడి చేతనే రాయించండి. ఒకసారి నేను ఈ పని చేయకుండా పన్నెండు మంది పిల్లలను ఒక పార్కుకు తీసుకువెళ్లాను. గంటసేపు వరుసలో నిలబడిన తరువాత ఇద్దరిని కొలబద్ద దగ్గర ఆపేశారు. మిగిలిన పది మంది పైకి ఎక్కుతుంటే కింద నిలబడిన ఆ ఇద్దరి ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. తప్పు పార్కు వారిది కాదు, ఆ నియమం ప్రాణాలు కాపాడడానికే ఉంది. ముందే తెలుసుకోవలసిన బాధ్యత నాది.

రెండవది దుస్తులు. నీటి రైడ్లలోకి నైలాన్, పాలిస్టర్ వంటి వాటితో కుట్టిన దుస్తులనే అనుమతిస్తారు. నూలు బట్టలు నీరు పీల్చి బరువెక్కుతాయి, వాటి దారాలు పోగుపడి నీటిని శుద్ధిచేసే యంత్రాలకు అడ్డుపడతాయి. చీరతో, చున్నీతో నీళ్లలోకి దిగనివ్వరు. మన ఇళ్లలో ఆడవాళ్లు ఈ కారణంగానే రోజంతా ఒడ్డున కూర్చుని అందరి సంచులకు కాపలా కాయడం నాకు బాధ కలిగిస్తుంది. ముందే పట్టించుకుంటే, ఊరిలోని కుట్టుమిషన్ వారి చేత పొడవు చేతుల చొక్కా, కాళ్ల నిండా వచ్చే ప్యాంటు నైలాన్ గుడ్డతో కుట్టించుకోవచ్చు. పార్కులో కొంటే ధర ఎక్కువ. సంచులకు లాకర్లు అద్దెకు దొరుకుతాయి, కాపలా ఎవరికీ అక్కరలేదు.

ఇక టికెట్టు. వారాంతాలకూ పండుగలకూ ధర ఎక్కువ, రద్దీ ఇంకా ఎక్కువ. దసరా, సంక్రాంతి సెలవుల నడిమి రోజుల కంటే బడి తెరిచాక వచ్చే మంగళ, బుధవారాల్లో ఒక రోజు సెలవు పెట్టించడమే నాకు మంచిదనిపిస్తుంది. బడి తరఫున వెళ్తే చాలా పార్కులు ధర తగ్గిస్తాయి, అందుకు ప్రధానోపాధ్యాయుల ఉత్తరం అడుగుతారు. బయటి ఆహారాన్ని సాధారణంగా లోపలికి తీసుకువెళ్లనివ్వరు కాబట్టి, లోపలి భోజనం ఖర్చును మనిషికి ఇంత అని ముందే లెక్కలో వేసుకోవాలి. అటుకులు, జంతికలు రైలు కోసం ఉంచుకోండి.

ఆ రోజున

ద్వారాలు తెరిచే సమయానికే అక్కడ ఉండండి. రైడ్ల పార్కులో జనమంతా ద్వారానికి దగ్గరగా ఉన్న వాటి వద్దే ఆగిపోతారు. మీరు నేరుగా చివరికి నడిచి, అన్నింటికంటే పేరున్న రైడ్‌ను మొదటి గంటలోనే ఎక్కించి, అక్కడి నుంచి వెనక్కు రండి. భోజనానికి ముందు తిప్పే రైడ్లు, భోజనం తరువాత ఒక అరగంట నీడలో విశ్రాంతి, ఎండ ముదిరాక నీళ్లు అన్నది నేను పాటించే క్రమం. గుండె జబ్బు, వెన్నునొప్పి ఉన్నవారు, గర్భిణులు ఏ రైడ్లకు దూరంగా ఉండాలో ప్రతి ద్వారం దగ్గరా రాసి ఉంటుంది, ఆ బోర్డును చదివాకే వరుసలో నిలబడండి.

ఫిల్మ్ సిటీలో పద్ధతి వేరు. అక్కడ బస్సులో తిప్పి సెట్లు చూపిస్తారు, దానితోపాటు వైల్డ్ వెస్ట్ సాహస ప్రదర్శన, సినిమా ఎలా తీస్తారో చేసి చూపించే మూవీ మ్యాజిక్ వంటివి నిర్ణీత వేళల్లోనే జరుగుతాయి. లోపలికి అడుగు పెట్టగానే ఆనాటి ప్రదర్శనల వేళలను ఫోన్‌లో ఫోటో తీసుకుని, వాటి మధ్య ఖాళీల్లో బస్సు యాత్రను సర్దుకోండి. నేపథ్య శబ్దాలు, వేర్వేరు చిత్రాలను కలిపి చేసిన దృశ్యాలు ఎలా తయారవుతాయో చూపించే చోట పిల్లలను ముందు వరుసలో కూర్చోబెట్టండి. తెర మీద చూసిన యుద్ధం వెనక ఎందరి చేతిపని ఉందో పిల్లలకు అర్థమయ్యేది అక్కడే, నా దృష్టిలో టికెట్టు ధరకు అసలు ప్రతిఫలం అదే. మాహిష్మతి దగ్గర మాత్రం తొందరపెట్టకండి. ఫోటోల కోసం వరుసగా నిలబెట్టే ముందు ఒక పది నిమిషాలు వాళ్లను ఇష్టం వచ్చినట్టు తిరగనివ్వండి, మాటలు చెప్పుకోనివ్వండి, చేతిలో లేని కత్తిని దూయనివ్వండి.

బొమ్మల దుకాణాలు బయటికి వెళ్లే దారిలోనే ఉంటాయి. ప్రతి పిల్లవాడికీ ఇంత అని ఇంట్లోనే చిల్లర ఇచ్చి, కొనేదీ మానేదీ వాడికే వదిలేస్తే అక్కడ ఏడుపులు ఉండవు.

తిరిగి వచ్చాక నెల రోజులు ఆగి, వాళ్లు ఏ ఆట ఆడుకుంటున్నారో చూసి, గోడ మీద ఎత్తు గీత పక్కనే ఆ ఆట పేరు కూడా రాయండి. మా ఇంటి గోడ మీద ఇప్పుడు అటువంటి గీతలు ఏడు ఉన్నాయి. రెండింటి పక్కన "అలలు", ఒకదాని పక్కన "కోట", మిగిలిన నాలుగింటి పక్కన, ఏ పార్కుకు వెళ్లివచ్చినా, "రైలు" అని ఉంది.